గచ్చు లేని యిండ్లు

ఇటలీ దేశపు పటము బూటువలె నుండునని మా బడిలో చిన్నపిల్లలు సైతము చెప్పుదురు. ఆ బూటు మడమయొద్ద పూల్యా అను సీమ గలదు. అందు బారీ పట్టణమునకు సుమారు 55 కిలోమీటర్ల దవ్వున, ఓలివు తోటల నడుమ, అల్బెరోబెల్లో అను చిన్న యూరున్నది. బారీలో చదువుకొనుచున్న మా మేనకోడలిని చూడబోయినపుడు, నా భార్యయు నేనును ఆమె వెంట ఆ యూరికి పోయితిమి.

ఒక వాలుమీద మోంతి అను పేట. అందు 1,030 ఇండ్లు. దానికెదురుగా ఆయా పిక్కోలా అను పేట, అందు 590. వీనిని త్రుల్లో లందురు. గోడలకు తెల్లని వెల్ల, వానిపై బూడిదవన్నె రాతిపలకలతో పేర్చిన శంకువు, కొనను రాతితో చెక్కిన యొక గుండు. కొన్ని కప్పులపై సున్నముతో సిలువయో చంద్రరేఖయో వ్రాసియున్నారు. నా భార్య కొంతసేపు చూచి, "ఇవి ఇండ్లా, గాదెలా?" అనెను. మన సముద్రతీరమున తాటాకు కప్పిన చుట్టిండ్లు చూచినవారికి ఆ యాకారము మరీ వింతగా తోపదు. వింత యాకారమున లేదు, కట్టుబడిలో నున్నది.

ఆ నేల యంతయు సున్నపురాయి. నాలుగంగుళముల మన్ను తీసినచో రాయి తగులును. నదులు లేవు. కావున ఇల్లు కట్టదలచినవాడు మొదట గొయ్యి త్రవ్వును. ఆ గోతిలో వచ్చిన రాయియే గోడలకు, కప్పునకు వచ్చును. గొయ్యి నీటితొట్టి యగును. కప్పుమీద బడిన వాన జారి దానిలో చేరును. గోడ రెండు వరుసలు, నడుమ రాతిముక్కలు. కప్పునకు దూలము లేదు, వాసము లేదు. రాతి వరుస పై వరుస లోపలికి కొంచెము కొంచెముగా జరుపుచు పోయి, చివర నొక్క రాతితో మూసివేయుదురు. పైన పలుచని పలకలు వాన జారునట్లు వెలుపలికి వంచి పరచుదురు. ఇంత చేసియు రాతికి రాతికి నడుమ గచ్చు చుక్కయైన వేయరు. సున్నపురాయితోనే కట్టిన గోడలో అతుకుటకు సున్నము లేదు! కాల్చిన సున్నమగు రాయి కాలి క్రిందనే యుండగా వీరేల మానిరి?

గచ్చు లేక రాయి పేర్చు విద్య ఆ సీమలో పూర్వమునుండి కలదు. పొలములలోని గుడిసెలు, గట్లు నట్టివే. కాని ఊరంతయు నట్లే యుండుటకు వేరు కారణము చెప్పుదురు. నేపుల్సు రాజ్యమున క్రొత్త గ్రామము నిలుపవలెనన్న రాజు అనుమతి కావలెను, పన్ను చెల్లవలెను. ఈ నేలకు ప్రభువులు కొన్వెర్సానో కొంటులైన అక్వవీవ వంశమువారు. వారికి రైతులు కావలెను, పన్ను అక్కరలేదు. కావున ఇండ్లను వట్టి రాతితో కట్టుడనిరి. రాజోద్యోగి వచ్చుచున్నాడని తెలిసిన, ముఖ్యమైన రాతిని లాగినచో కప్పు కూలును. ఊరు లేదు, రాళ్లగుట్ట యున్నది. 17వ శతాబ్దమున జాన్‌జిరోలమో 2 అను కొంటు ఇచట మర, రొట్టెల పొయ్యి, సత్రము కట్టించి జనమును పెంచెను. 18వ శతాబ్దాంతమునకు వారు 3,500 మందికి మించిరి. అంతమంది, తమ యిల్లు నిలుచుట ప్రభువు సౌకర్యముపై నాధారపడి, తరములు గడపిరి.

మనము గృహశబ్దమును గ్రహధాతువునుండి సాధింతుము, పట్టుకొనునది గృహము. పట్టుకొనరాదను నియమముమీద కట్టిన యిల్లు ఏ శబ్దమునకు వాచ్యమో నాకు తెలియలేదు.

1797 మే 27వ తేదీన నేపుల్సు రాజు నాలుగవ ఫెర్డినాండు ఈ యూరిని కొంటుల చేతినుండి తప్పించి రాజపట్టణముగా చేసెను. ఆ యేటనే ఫ్రాంచెస్కో దామోరె తన యిల్లు గచ్చుతో కట్టెను. రాజాజ్ఞచే మొట్టమొదట కట్టబడినదని దానిమీద లాటిను భాషలో చెక్కియున్నది. ముఖము చదునుగా, సాధారణముగా నున్నది. మేము నిలిచి చూచినంతసేపును ఆ యింటికి పటము తీసినవారు లేరు. అందరును శంకువుల యొద్దకే పోవుచుండిరి. నాకు మాత్రము ఊరంతటిలో అందమైన యిల్లదియే.

ఒక త్రుల్లో లోపల చూచితిమి. ఒకటే గది, ప్రక్కన గోడలో తొలిచినట్లున్న గూళ్లు, ఒకదానిలో మంచము, ఒకదానిలో పొయ్యి. పైన పలకలు పరచిన అటుక. చెయ్యి పట్టునంత కిటికీ. వేసవిలో చల్లగా నున్నమాట నిజమే. "ఈ కిటికీతో చలికాలములో పొగ ఎక్కడికి పోయేదో?" అని నా భార్య యడిగెను. పటములు తీయువారు ఆ ప్రశ్న నడుగరు.

1996లో యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వముగా నంగీకరించిరి. ఇపుడు చట్టముచే రక్షితము. యజమాని తన ఇష్టమువచ్చినట్లు మార్చరాదు. మా మేనకోడలు నవ్వి, "అప్పుడు నిలబెట్టకూడదన్నారు, ఇప్పుడు పడగొట్టకూడదంటున్నారు. ఇంట్లో ఉన్నవాళ్లను రెండుసార్లూ ఎవరూ అడగలేదు, మామయ్యా" అన్నది. రెండును సమానము కావని నేను వాదించితిని. ప్రభువు చేసినది దాచుట, చట్టము చేయునది కాచుట. ఆమె యొప్పుకొనలేదు, ఆయా పిక్కోలాలో మూసియున్న తలుపులను చూపినది. మోంతి పేటలో నైతే తలుపులు తెరచియే యున్నవి, కాని అన్నియు అంగళ్లు.

అట్టి యంగడిలో నొక వృద్ధురాలు నారబట్టలు అమ్ముచుండెను. తాను పుట్టినది ఆ గదిలోనే యనియు, ఇపుడు ఊరి చివరి క్రొత్త మేడలో నున్నాననియు మేనకోడలి ద్వారా చెప్పెను. కప్పు పలకలు సర్దవలెనన్న పనివారు దొరకుట కష్టముగా నున్నదట. పాత యింటిపై బెంగ లేదా యని నేనడిగించితిని. మేడలో నిద్ర బాగుగా పట్టునని యామె బదులు. తరువాత నా భార్య నీటి సంగతి యడుగగా, అంగడి మూలనున్న రాతి మూత ప్రక్కకు జరిపి లోపల దీపము చూపెను. అడుగున నీరు మెరసినది. గొట్టపు నీరు వచ్చినప్పటినుండి దానిని త్రాగుట మానిరట. వాకిటి పూలకుండీలకు పోయుచున్నారు.