మొక్కుకున్న పేరు

నాగార్జునసాగర్ ఎడమ కాల్వ పారే మా దిక్కు పల్లెల్లో సైదులు లేని వాడకట్టు అరుదు. ఒక ఇంట్లో సైదులు, పక్కింట్లో సైదయ్య, వాళ్ల ఆడబిడ్డ సైదమ్మ, తండాలో సైదా నాయక్. 2019 ఉపఎన్నికలో హుజూర్‌నగర్ ఎమ్మెల్యేగా గెలిచిన నాయకుడి పేరు శానంపూడి సైదిరెడ్డి. ఈశ్వరుణ్ణి కూడా కలుపుకొని సైదేశ్వరరావు అయినవాళ్లున్నారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేరు అదే.

ఈ పేర్లకు పుట్టిల్లు పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా. జాన్‌పాక్ షహీద్, మొయినుద్దీన్ షహీద్ అనే ఇద్దరు అమరులను అక్కడ సైదులు అని కొలుస్తారు. ఏటా జనవరిలో ఉర్సు జరుగుతుంది. గంధం ఊరేగింపులో ఏ మతంవాళ్లు ఎందరని లెక్కపెట్టే పని ఎవరికీ ఉండదు. సంతానం లేనివాళ్లు, పుట్టిన పిల్లలు దక్కనివాళ్లు సైదులుకు మొక్కుకుంటారు. బిడ్డ బతికి బట్టకడితే పుట్టువెంట్రుకలు అక్కడే తీయిస్తారు, మేకను కోసి కందూరు విందు చేస్తారు, ఆ పేరే పెడతారు. బిడ్డ దక్కుతుందో లేదోనని భయపడిన తల్లి ఆ తర్వాత తన మాట నిలబెట్టుకున్నదని ఆ పేరు ఊరందరికీ చెబుతుంది.

మాట మూలం అరబ్బీ ‘సయ్యద్’. దొర, పెద్ద అని అర్థం. ప్రవక్త వంశీకులకు బిరుదు. రాముణ్ణి రాములు చేసి, ఆంజనేయుణ్ణి ఆంజనేయులు చేసిన మన గౌరవపు ‘లు’ దీనికీ తగిలించాం. అంతటితో అది మన ఇళ్లలోని పేరైపోయింది.

ఇదే మాట పడమటికి నడిచి స్పెయిన్‌నూ చేరింది. 11వ శతాబ్దంలో కాస్టీల్‌కు చెందిన రోడ్రిగో దియాజ్ అనే క్రైస్తవ యోధుడు దేశబహిష్కారంలో జరగోజా ముస్లిం రాజుల కొలువులో పనిచేశాడు. 1094లో వలెన్సియాను గెలిచి, 1099లో అక్కడే కన్నుమూశాడు. అరబ్బీలో ‘నా దొర’ అనే ‘సీదీ’ నుంచి అతనికి ఎల్ సిద్ అనే పేరు నిలిచింది. స్పెయిన్ తన జాతీయ వీరుణ్ణి నేటికీ ఆ పేరుతోనే తలుచుకుంటుంది. అక్కడ ఆ మాట కత్తి పట్టినవాడికి దక్కింది. మా దగ్గర ఊయలలోని పసివాడికి దక్కింది. నా మనసు ఊయల వైపే.

నెల్లూరు దిక్కు మస్తానయ్యలు, సీమలో ఫకీరప్పలు కూడా ఇలా మొక్కులతో వచ్చినవాళ్లే.

ఇప్పుడు హైదరాబాద్ హాస్టళ్లలో సైదులు మెల్లగా సాయి అవుతున్నాడు. పేరు మోటుగా ఉందని పిల్లలు సిగ్గుపడితే నాకు బాధేస్తుంది. పుట్టిన తేదీ బడి రిజిస్టరులో దొరుకుతుంది. ఏ జ్వరం రాత్రి, ఏ కాన్పు ముందు, ఎవరు మొక్కుకున్నారో మాత్రం అవ్వకే తెలుసు. ఆమె ఉండగానే పక్కన కూర్చొని అడగండి, బిడ్డా.