ఎన్ని మెట్లు?

"ఆయ్, బేస్‌మట్టం ఎంత లేపమంటారండీ?" అని తాపీమేస్త్రి మూడోసారి అడిగాడు. ఇల్లు నాది కాదు, ఏలూరులో తమ్మిలేటి పక్కన స్థలం కొన్న మా తమ్ముడిది. కాని నేను తాడేపల్లిగూడెం నుంచి పనిగట్టుకుని వచ్చిన పెద్దవాణ్ణాయె. ఏదో ఒకటి చెప్పకపోతే బావుండదు కదా!

మా తాతగారికి ఈ బాధ లేదు. కొల్లేటి ఒడ్డున ఆయన ఇంటి గోడమీద, నీళ్లు వచ్చినప్పుడల్లా బొగ్గుతో గీత గీసేవారు. అన్నిటికన్నా పై గీతకు జానెడు ఎత్తున ధాన్యం పెట్టించేవారు. ఆ జానెడే ఆయన్ని జీవితాంతం కాపాడింది.

"ఆ లెక్కే వేద్దాం అన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

అక్కడే వచ్చింది చిక్కు. నిన్నటి ఆకాశమే రేపూ ఉంటుందని తాతగారి నమ్మకం. మన వరదకు మన ఊరి వానే అక్కర్లేదు. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం పడమటి దారి పడితే, ఎక్కడో మహారాష్ట్రలోనూ ఛత్తీస్‌గఢ్‌లోనూ కురిసి గోదావరి పొంగుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అయినా గోదావరిది పెద్దమనిషి తరహా, ముందు కబురు పంపి మరీ వస్తుంది. తమ్మిలేరు, బుడమేరు, మా ఎర్రకాలువ అలా కాదండీ, చెప్పాపెట్టకుండా దిగే చుట్టాలు. రాత్రి పైన మెరకల్లో కుండపోత కురిస్తే తెల్లారేసరికి గుమ్మంలో ఉంటాయి. 2024 సెప్టెంబరులో బెజవాడ వాళ్లకు బుడమేరు చూపించింది అదే. ఆ బుడమేరూ, ఈ తమ్మిలేరూ చివరికి కొల్లేట్లోకే. కొల్లేటి నీరు సముద్రానికి పోవడానికి సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు ఒక్కటే దారి. చేపల చెరువుల గట్లు 2006లో కొన్ని కొట్టించారు గాని, ఉప్పుటేటికి వాలు ఎవరు తెచ్చిపెడతారు?

వర్షాకాలపు వాయుగుండాలు పూర్వంకంటే తగ్గాయిట. హమ్మయ్య అనుకోకండి! 1950 నుంచి 2015 లోపల మధ్యభారతంలో ఒక్కపెట్టున కుమ్మరించే వానలు మూడింతలయ్యాయని 2017లో శాస్త్రజ్ఞులు తేల్చారు. అరేబియా సముద్రం వేడెక్కి, పడమటి గాలి నిలకడ తప్పి, ఒక్కోసారి విపరీతంగా తేమ మోసుకొస్తోందిట. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే ఏడు శాతం ఎక్కువ నీటిని పట్టగలదు. ఇక తాతగారి జానెడు ఏ మూలకి?

"అయితే ఐదడుగులు లేపు మేస్త్రీ" అన్నాను ధీమాగా.

అంతవరకు వేపచెట్టు కింద కుర్చీలో కూచున్న అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

"పది మెట్లా నాయనా?" అంది, మోకాళ్లు రాసుకుంటూ.

ఎవరూ మాట్లాడలేదు. అమ్మ ఈ ఇంట్లో ఉండాలనే తమ్ముడు అప్పుచేసి కట్టుకుంటున్నాడు. మేస్త్రి తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

"మెట్లు ఎందుకండీ? పక్కనుంచి వాలుగా దారి పోసుకుందాం. అమ్మగారు చెయ్యి పట్టుకోడానికి ఇనప గొట్టం పెడదాం. స్థలం కాస్త ఎక్కువ తింటుందంతే" అన్నాడు.

తమ్ముడి భార్య ముందుగదిలో నాలుగడుగులు వదులుకుంది. టేపు పట్టుకోమని నన్నే పిలిచారు.