ప్రాటో బిస్కెట్టు, పరాయి దినుసులు

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో రైలెక్కితే అరగంటలో ప్రాటో చేరుకోవచ్చు. మధ్యయుగాల నుంచీ ఉన్ని బట్టలకు పేరుపడ్డ ఈ ఊరికి మరో గుర్తింపు బిస్కెట్టు. రికాసోలి వీధిలో అంటోనియో మట్టేయి 1858లో పెట్టిన దుకాణం ఇప్పటికీ నడుస్తోంది. గోధుమపిండి, చక్కెర, గుడ్లు, బాదం, చిల్గోజా లాంటి పైన్ గింజలు... ఇంతే సరంజామా. వెన్న లేదు, నూనె లేదు. అందుకే పంటికి గట్టిగా తగిలే ఈ బిస్కెట్లను విన్ శాంటో అనే తియ్యటి వైన్‌లో ముంచుకు తింటారు.

బిస్కోటి అన్న మాటకు అర్థం రెండుసార్లు కాల్చినదని. ముద్దను పొడవాటి దిమ్మెలా చేసి 180 డిగ్రీల వేడిలో దాదాపు 25 నిమిషాలు కాలుస్తారు. కాస్త చల్లారాక ఏటవాలుగా ముక్కలు కోసి, తక్కువ వేడిలో మళ్లీ పెడతారు. మన రస్కు కిటుకూ ఇదే. తేమ ఎగిరిపోతుంది కాబట్టి వారాల తరబడి నిల్వ ఉంటాయి. క్రిస్మస్‌కు ఇళ్లలో చేసేవారు నారింజ తొక్క తురుము, పిస్తా కలుపుతారు. తొక్క లోపలి తెల్లపొర పడితే మాత్రం చేదు తప్పదు.

2016లో ఐరోపా యూనియన్ ‘కంతుచ్చీని తోస్కానీ’ పేరిట ఈ తరహా బాదం బిస్కెట్లకు భౌగోళిక గుర్తింపునిచ్చింది. టస్కనీ బయట చేసినవాటికి ఆ పేరు పెట్టకూడదు.

బిస్కెట్ల సంగతి సరే, మనుషుల మాటేమిటి? 1990ల నుంచి చైనీయులు పెద్దసంఖ్యలో ప్రాటోకు వచ్చి దుస్తుల తయారీలో స్థిరపడ్డారు. వలసలపై అసంతృప్తిని ఆసరా చేసుకుని 2009లో మితవాద కూటమి నగర మేయర్ పదవిని గెలుచుకుంది. 2013 డిసెంబరు 1న, పనివాళ్లు పడుకునేది కూడా అక్కడే అయిన ఓ కుట్టు కర్మాగారంలో మంటలు చెలరేగి ఏడుగురు చైనా కార్మికులు చనిపోయారు.

పండగ బిస్కెట్టును విడదీసి చూస్తే వలసల చరిత్రే కనిపిస్తుంది. బాదం పశ్చిమాసియాది. చెరకు రసాన్ని చక్కెర పలుకులుగా మార్చే విద్య భారత్ నుంచి పర్షియా, అరబ్బుల మీదుగా మధ్యధరా తీరానికి చేరింది. ఇటలీవారి ‘అరాంచా’, మన ‘నారింజ’ ఒకే మాటకు రూపాలు. ఇక తీపి నారింజ చెట్టు పుట్టిల్లు చైనా ప్రాంతం.

రికాసోలి వీధి నుంచి చైనీయుల దుకాణాలతో నిండిన పిస్తోయేజే వీధికి నడిచే వెళ్లొచ్చు. నారింజ ఎప్పుడో ఇటలీదైపోయింది. దాని పుట్టినింటి నుంచి వచ్చిన మనుషులు ప్రాటోవాళ్లు కావడమే ఇంకా మిగిలింది.