కేస్లాపూరు యాత్ర

లక్సెట్టిపేట గోదావరికి ఉత్తరపుటొడ్డున నున్న యూరు. 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలో నుండి, ఆ యేటినుండి మంచిర్యాల జిల్లాలో చేరినది. రాయపట్నము వంతెన దాటి ఆవలి యొడ్డున కొంత దూరము పోయిన ధర్మపురి నరసింహస్వామి సన్నిధి. ఈవలి యొడ్డుననే దండేపల్లి మండలమున గూడెము గుట్టపై సత్యనారాయణస్వామి కోవెల. మరికొంత దూరము సాగి జన్నారము చేరితిమా, అటనుండి కవ్వాల అడవి. 1965లో వన్యమృగముల శరణాలయమై, 2012లో పులుల అభయారణ్యమైన యడవి యది. ఇన్ని త్రోవలు కలియు నూరు గనుక ఇచ్చట బండ్లకును, వానిని బాగుచేయు మిస్త్రీలకును కొదవ లేదు.

ఈ పుష్యమాసమున మేము కేస్లాపూరు నాగోబా జాతరకు ప్రయాణము కట్టితిమి. నాగోబా మెస్రం వంశపు గోండుల కులదైవము. పుష్యబహుళ అమావాస్య రాత్రి మహాపూజ. దానికి వలయు గోదావరీజలమును మెస్రం వంశీయులు జన్నారము చెంత కలమడుగు గ్రామమున, హస్తినమడుగు అను చోట ముంచి, చెప్పులు లేని కాళ్లతో దినముల తరబడి నడచి కేస్లాపూరు చేర్తురు. ఆ పూజరాత్రియే క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడండ్రు తెల్లని చీరలు కట్టి దేవుని యెదుట నిలుతురు. దానికి భేటింగు అని పేరు. వంశమునకు వచ్చిన పడుచును దేవునికి పరిచయము చేయుట యెంత చక్కని యాచారమో సోదరీమణులు గ్రహింతురు గాక.

మా అత్తగారి పుట్టినిల్లు కలమడుగు. చిన్ననాట ప్రతి యేడును ఆమె యేటియొడ్డున నిలిచి, మెస్రం వారు నీరు ముంచుకొని పోవుట చూచెడివారట. ఆ నీరు ఎచ్చటికి పోవునో ఒక్కసారియైన చూడవలెనని డెబ్బదియేండ్ల కోరిక. అయితే గడచిన యేడు ఆమె పెరటిలో జారిపడగా వెన్నుపూస యొకటి నొక్కుకొనిపోయినది. నాలుగు మాసములు మంచము పట్టి లేచినారు. ప్రయాణము చేయవచ్చును గాని గట్టి కుదుపు తగులరాదని వైద్యుడు మరి మరి చెప్పి పంపినాడు. ఈ యేడు కాకున్న ఇంకెన్నడని ఆమె పట్టు. కుదుపు తగిలిన నేమగునో యని మా దిగులు.

అమావాస్యనాటి మధ్యాహ్నము బాడుగ జీపు వాకిట నిలిచినది. వెనుక రెండు ప్రక్కల బల్లలు వేసిన పాత జీపు. అది మలుపు తిరిగి గుంతలో దిగినప్పుడు ఇనుము ఇనుమును కొట్టినట్టు ఖంగుమని శబ్దమైనది. నిలిచిన తరువాత చూడగా ఎడమ వైపు వెనుకభాగము కొంచెము క్రిందికి వాలియున్నది. మేము అడుగగా డ్రైవరు నవ్వి, "ఏం గాదమ్మా, కమాన్ పట్టీ ఒకటి ఇరిగింది. తాడేసి కట్టిన. పొయ్యొచ్చినంక ఏపిస్త" అనెను. మా వారు అత్తగారి ముఖము చూచిరి. మేము జీపు ఎక్కక, ముందు మిస్త్రీకి చూపవలెనంటిమి.

కమాను అనగా ఉర్దూ భాషలో విల్లు. పేరునకు తగినట్లే అది వింటివలె వంగిన ఉక్కు పట్టీల కట్ట. అన్నిటికంటె పొడుగైన పట్టీ పైన నుండును. దాని రెండు కొనలును చుట్టచుట్టి చట్రమునకు బిగింతురు. దాని క్రింద క్రమముగా పొట్టి పట్టీలు పేర్చి, నడుమ బోల్టు వేసి, యూ ఆకారపు బోల్టులతో ఇరుసునకు కట్టుదురు. చక్రము గుంతలో పడినప్పుడు ఆ దెబ్బను విల్లు వంగి తాను మ్రింగును. మిగిలిన దానినే కూర్చున్నవారికి పంపును. వంగిన విల్లు మరల మరల ఊగకుండ అడ్డుపడునది షాక్ అబ్జార్బరు. గొట్టములోని నూనె సన్నని రంధ్రముల గుండ మెల్లగా పారుటచేత ఆ యూపు అణగును.

మిస్త్రీ ముదుసలి. గోనెపట్ట పరచుకొని జీపు క్రిందికి దూరి, దీపము పట్టి చూచి, మా వారిని పిలిచి, "సార్, ఇరిగింది రెండో పట్టీ. గది పెద్ద ముచ్చట గాదు. పై పట్టీ చూడుండ్రి, చుట్ట కాడ పగులు పట్టింది" అనెను. మేమును వంగి చూచితిమి. వెండ్రుకవంటి నల్లని గీటు. పై పట్టీ బరువు మోయుటయే కాదు, ఇరుసును దాని తావున నిలుపునది కూడ నదియే. అచ్చట తెగినచో ఇరుసు ఒకవైపు వెనుకకు జరిగి, బండి త్రోవ తప్పి ప్రక్కకు లాగును. అడవిదారి మలుపులలో అట్లు జరిగినచో నేమగునో అతడు చెప్పలేదు, మేము అడుగలేదు.

క్రొత్త పట్టీలు మంచిర్యాలనుండి రావలెను. బిగించుసరికి రాత్రి యెనిమిది దాటును. అనగా మహాపూజ దక్కదు. డ్రైవరు మరల, "మెల్లగ తోల్త గదమ్మా" అనెను. పిల్లలు ఏడ్పుమొగములు పెట్టిరి. అత్తగారు సయితము, "నా కోసం ఆగకుండ్రి బిడ్డా, నేను గట్టిగ పట్టుకొని కూసుంట" అనిరి.

ఆ మాట విన్నప్పుడు మాకు కైకేయి కథ స్ఫురించినది. దేవాసురయుద్ధమున ఆమె దశరథుని కాపాడి వరములు పొందెనని వాల్మీకము చెప్పును. అచ్చట ఇరుసు ప్రస్తావన లేదు. తరువాతి పురాణకథలలో మాత్రము రథపుటిరుసు సడలగా ఆమె తన చేతినే ఆ తావున నుంచి రథమును నిలిపెనందురు. కథ గొప్పదే. కాని మన యిండ్లలో ఆ కథ నేటికిని వేరొక రూపున నడచుచునే యున్నది. ముందు కూర్చున్న వారికి కుదుపు తెలియదు. వెనుక చక్రముపైనున్న బల్లమీద చంటిబిడ్డనో, పెరుగుకుండనో ఒడిలో పెట్టుకొని కూర్చుండునది స్త్రీ. ఉక్కు మోయవలసిన దెబ్బను ఆమె నడుము మోయును, నోరెత్తదు. ఇరుసు దొరకని యుద్ధభూమిలో కైకేయి చేయి పెట్టెను. మిస్త్రీ కొట్టు ఎదుటనే యుండగా మా అత్తగారి వెన్నెముక నేల పెట్టవలెను?

పూజ పోయినను పోనిండు, బండి బాగుపడిన తరువాతనే బయలుదేరుద మని మేము నిశ్చయించితిమి. కొంత తర్జనభర్జన జరిగిన మీదట పట్టీల వెలలో సగము మేమిచ్చి, బాడుగలో తగ్గించుకొనునట్లు డ్రైవరుతో కుదిరినది.

ఆ సాయంకాలము మా వారు పిల్లల నూరడించుటకు కెనడా దేశపు ముచ్చట చెప్పిరి. క్విబెకు రాష్ట్రమున వాల్కోర్టు అను నూర జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియె యను యంత్రకారుడుండెను. 1934 శీతకాలమున అతని రెండేండ్ల కొడుకునకు ప్రాణాంతకమైన కడుపు జబ్బు చేసినది. దారులన్నియు మంచుతో మూసికొనిపోయినవి. అతడు చేయుచుండిన మంచుబండి ఇంకను సిద్ధము కాలేదు. ఆసుపత్రికి చేర్చు దారి లేక బిడ్డ పోయినాడు. అతడు పని విడువక, మంచుపై పరువెత్తు పట్టాబండికి 1937లో పేటెంటు పొందెను. ఒకరిద్దరు కూర్చుండు చిన్న మంచుబండిని 1959లో అమ్మకమునకు తెచ్చెను. నేడు ఆ దేశములవారు వానిపై విహారములకు పోవుదురు. పోవుటకు ముందు స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, మంచులో దాగిన మొద్దు తగిలి వంగిన కడ్డీలు చూచుకొందురట. ఊరికి దూరముగా మంచునడుమ బండి చెడినచో ప్రాణముపైకి వచ్చును గదా. మా అడవిదారిలో మంచు లేదు గాని మాట యొక్కటే. పెద్ద పిల్లవాడు లేచి, షెడ్డునకు పోయి పట్టీలు బిగించుట చూచివచ్చెదననెను.

మరునాటి తెల్లవారుజామున బయలుదేరితిమి. అత్తగారిని వెనుక బల్లపై కాక ముందు సీటున, నడుమునకు దిండు పెట్టి కూర్చుండబెట్టితిమి. క్రొత్త పట్టీలు సర్దుకొనిన తరువాత బోల్టులు వదులగునని మిస్త్రీ ముందే హెచ్చరించియుండుటచే, జన్నారమున టీ కొట్టు వద్ద ఆగి డ్రైవరు యూ బోల్టులు మరల బిగించెను. ఒకటి నిజముగనే అరచుట్టు తిరిగినది. ఆవల టేకుచెట్ల నడుమ దారి. మంచు ఆకులనుండి బొట్లు బొట్లుగా రాలుచున్నది. వేగనిరోధకముల మీద జీపు ఒక్కసారి లేచి మెత్తగా కూర్చుండుచున్నది. ఉట్నూరు, ఇంద్రవెల్లి దాటి కేస్లాపూరు చేరుసరికి ఎండ ఎక్కినది.

మహాపూజ ముగిసినది, జనము మాత్రము తరుగలేదు. తెలంగాణమునుండియే కాక మహారాష్ట్ర, ఛత్తీసుగఢ్ సీమలనుండియు గిరిజనులు వచ్చియున్నారు. మఱ్ఱిచెట్ల క్రింద మెస్రం వారి యెడ్లబండ్లు. ఆ బండ్లకు కమానులు లేవు. గడ్డి పరుపే కమాను, ఎద్దు నడకయే షాక్ అబ్జార్బరు. మెల్లగా పోవు బండికి చిన్న గుంత చిన్న దెబ్బయే. వేగము కోరితిమా, దాని వెల ఉక్కు పట్టీలలో చెల్లింపవలసినదే.

దర్శనమైన తరువాత అత్తగారు ఒక బండి చెంత వంట చేసికొనుచున్న గోండు ముదుసలి ప్రక్కన కూర్చుండి, "మాది కలమడుగు" అనిరి. ఆ యవ్వ పని మాని, ఆమె చేయి రెండు చేతులతో పట్టుకొని, "నీళ్ల ఊరు" అనెను. అంతే మాట. అత్తగారికి కన్నులు చెమర్చినవి. రాత్రి పూజ చూడలేదని ఆమె మరల అనలేదు.

సోదరీమణులారా! యాత్రకు పులిహోర, మందులు, పిల్లల స్వెట్టర్లు సర్దుకొనునది మనము. బండి సంగతి మగవారిదని ఊరకుండవలదు. సమమైన నేలపై బండి నిలిపించి వెనుకనుండి చూడుడు, ఒకవైపు వాలియున్నదా? నాలుగు మూలలను ఒక్కొక్కటిగా బలముగా అదిమి విడువుడు. ఒకసారి లేచి కుదురుకొనవలెను, ఊగుచునే యున్నచో షాక్ అబ్జార్బరు చెడినట్లు. దానిపై నూనె మరకలున్నను అంతే. ఇనుము మ్రోగినచో ఎచ్చటనో అడుగుడు. ముసలివారిని, గర్భిణులను వెనుక చక్రములపై గాక వానికి ముందున్న సీట్లలో కూర్చుండబెట్టుడు. "ఏం గాదు" అను మాటకు సంతసింపక, దీపము తెప్పించి చూపుమనుడు.