నాన్న చాకు

నాన్న జేబులో ఎప్పుడూ ఒక మడత చాకు ఉండేది. మామిడికాయ కోయాలన్నా, తాడు తెంపాలన్నా అదే. ఆయన పోయాక అది నా చేతికి వచ్చింది. ఒక వానాకాలమంతా సొరుగులో మరచిపోయాను. తీసి చూస్తే తుప్పు. నాసిరకం ఉక్కు అనుకుని పాత ఇనుప సామానులో వేసేశాను.

మూడు వందల లోపు మరొకటి కావాలని కరీంనగర్ అంగళ్ళు తిరిగి, తళతళలాడే స్టెయిన్‌లెస్ చాకు కొన్నాను. నెల తిరక్కుండానే మొద్దుబారింది. రివెట్టు వదులై బ్లేడు ఊగసాగింది.

జగిత్యాల దగ్గర ఒక కమ్మరికి ఈ కథంతా చెప్పాను. ఆయన నవ్వాడు. "మీ నాయిన చాకు మంచిదే సారూ. తుడువక ఇడిస్తే తుప్పు వట్టదా?"

సిగ్గేసింది. ఇక్కడికి పక్కనే ఉన్న కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని, 1832లో అచ్చయిన హెన్రీ వాయిసీ వ్యాసం చదివి గర్వపడినవాణ్ణి నేను. ఆ మేలిమి ఉక్కు కూడా పట్టించుకోకపోతే తుప్పు పట్టేదే!

ఆయన లారీ కమాను పట్టీతో రెండు వందల యాభైకి ఒక చాకు చేసిచ్చాడు. బ్లేడు నాలుగు వేళ్ళ వెడల్పంత పొడవు. తెరిస్తే అటూ ఇటూ కదలదు. సానరాయి మీద పదిసార్లు రాస్తే చాలు, పదునెక్కుతుంది. మీరు కొన్నా ఇవే చూసుకోండి, మెరుపు కాదు.

రోజూ పొడిగుడ్డతో తుడిచి, చుక్క నూనె రాస్తున్నాను. పాతదానికి చేయవలసి ఉండిన పని కూడా ఇంతే.