ఫుట్‌బాల్ గేమ్‌లో ‘రియల్’ అంటే ఎవరు?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వారం కాస్త వేరే సంగతి. పుస్తకమూ కాదు, కోర్టు తీర్పూ కాదు. వీడియో గేమ్. మీలో సగం మంది హాస్టల్ గదుల్లో రాత్రి పన్నెండు దాటినా ఆపకుండా ఆడే ఫుట్‌బాల్ గేమ్.

ఈ గేములు ఆడేవాళ్ల నోట్లో ఎప్పుడూ నలిగే మాట ఒకటుంది: రియలిస్టిక్. బంతి రియలిస్టిక్‌గా దొర్లడం లేదు. గోల్‌కీపర్ రియలిస్టిక్‌గా దూకడం లేదు. డిఫెండర్ అంత వేగంగా వెనక్కి పరుగెత్తడం రియలిస్టిక్ కాదు. కొత్త గేమ్ వచ్చిన ప్రతి ఏడూ ఇదే పంచాయితీ. నాకు ఈ పంచాయితీ ఇష్టం. ఎందుకంటే “ఇది నిజంలా లేదు” అని ఒక మనిషి అన్నప్పుడల్లా, అతని బుర్రలో నిజం అంటే ఏమిటో బయటపడుతుంది.

నేను మొదలుపెట్టింది యూనివర్సిటీ హాస్టల్‌లో. ఒకటే కంప్యూటర్, రెండు జాయ్‌స్టిక్‌లు, మంచం మీద ఆరుగురు క్యూ. ఓడినవాడు లేవాలి, అదొక్కటే రూలు. మా గదిలో నడిచింది కొనామీ కంపెనీ ‘ప్రో ఎవల్యూషన్ సాకర్’. అందులో చాలా క్లబ్బులకు లైసెన్సు లేదు. అందుకని లివర్‌పూల్ పేరు ‘మెర్సీసైడ్ రెడ్’, చెల్సీ పేరు ‘లండన్ ఎఫ్‌సీ’. మాస్టర్ లీగ్‌లో మన చేతికొచ్చే కాస్టోలో అనే స్ట్రైకర్ ఈ భూమ్మీద ఎక్కడా పుట్టలేదు. అయినా మాకేమీ తక్కువ అనిపించలేదు. పాస్ కొడితే బంతి బరువు తెలిసేది. అలసిన ఆటగాడు అలసినట్టు కదిలేవాడు. పేర్లన్నీ అబద్ధం, ఆట నిజం.

పక్క గదివాళ్లు ఈఏ కంపెనీ ‘ఫిఫా’ ఆడేవాళ్లు. వాళ్ల దగ్గర అసలు పేర్లు, అసలు జెర్సీలు. “మాదే రియల్” అనేవాళ్లు. మా రెండు గదుల మధ్య ఆ పోట్లాట డిగ్రీలు అయిపోయేదాకా తేలలేదు. తర్వాత ఏళ్లకు, 2019లో, జువెంటస్ హక్కులు కొనామీ చేతికి పోతే, ఫిఫా 20లో ఆ జట్టు పేరు ‘పియెమోంటే కాల్చో’ అయింది. లోపల ఆడేది అదే రొనాల్డో. అంటే ‘అసలు పేరు’ అనే నిజం కూడా బజారులో కొనుక్కునే సరుకే. ఎవరు ఎక్కువ కడితే నిజం వాళ్లింట్లో ఉంటుంది.

సరే, బంతి కదలిక సంగతి చూద్దాం. ఆన్‌లైన్‌లో సగానికి 6 నిమిషాల చొప్పున మొత్తం 12 నిమిషాలు ఆడతాం. ఆ 12 నిమిషాల్లో 4–3 స్కోరు చూస్తే ఎవరికీ వింతగా ఉండదు. 2022 ప్రపంచకప్‌లో 64 మ్యాచ్‌లకు పడిన గోల్స్ 172. అంటే 90 నిమిషాలు ఆడినా మ్యాచ్‌కు మూడు కూడా సగటు రాలేదు. గేమ్‌ను నిజంగా నిజంలా చేస్తే పది మ్యాచ్‌లు ఆడినా వేళ్ల మీద లెక్కపెట్టే గోల్సే వస్తాయి. రెండో రోజుకే దాన్ని పక్కన పడేస్తాం. కాబట్టి మనం అడిగేది నిజాన్ని కాదు. మనకు అలవాటైనదాన్ని.

మనకు అలవాటైంది టీవీ. గేమ్‌లో కెమెరా ఎక్కడుంటుందో గమనించారా? స్టాండ్స్ పైన, మైదానానికి ఒక పక్కన, టీవీ కెమెరా ఉండే చోట. మైదానంలో ఉన్న ఏ ఆటగాడికీ ఆట అక్కడి నుంచి కనపడదు. నేను స్కూల్ గ్రౌండ్‌లో డిఫెండర్‌గా ఆడినవాణ్ని. నాకు కనపడింది దుమ్ము, ఎదుటివాడి భుజం, ఎక్కడి నుంచో వినపడే మా కీపర్ తిట్లు. ఆ ఆటను ఏ గేమూ చూపించదు, చూపించమని ఎవరూ అడగరు. రీప్లే, స్కోరు పట్టీ, ఇంగ్లిష్ కామెంటరీ ఉంటేనే మనకు అది ‘రియల్’. ఫిఫా 22 కోసం 22 మంది ఆటగాళ్లకు సెన్సర్ సూట్లు తొడిగి మ్యాచ్ ఆడించి కదలికలు రికార్డు చేశారు. గొప్ప పనే. కానీ అంత కష్టపడి తీసుకున్న కదలికను చివరికి మనకు చూపించింది టీవీ చూపుతోనే.

ఇందులో తప్పేమీ లేదు. గేమ్ అన్నాక ఏదో ఒకటి వదలాలి, ఏదో ఒకటి పెంచాలి. నా ప్రశ్న వేరే. ఏ అబద్ధాన్ని మనం హాయిగా మింగుతాం? ఏ అబద్ధం మాత్రం గొంతులో అడ్డం పడుతుంది?

మా అక్కకు ఇద్దరు పిల్లలు. పెద్దోడు డిగ్రీ, చిన్నది ఇంటర్. చిన్నది కాలేజీ టీంలో లెఫ్ట్ వింగ్ ఆడుతుంది. మొన్న సెలవుల్లో ఇద్దరూ మా ఇంట్లో ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 24 పెట్టుకుని కూర్చున్నారు. ఫిఫా సంస్థతో ఒప్పందం ముగిశాక, 2023 సెప్టెంబరులో ఆ కంపెనీ కొత్త పేరుతో తెచ్చిన మొదటి గేమ్ అది. అందులోని అల్టిమేట్ టీమ్ మోడ్‌లో మొదటిసారి ఆడ, మగ ఆటగాళ్లను ఒకే జట్టులో పెట్టుకోవచ్చు. చిన్నది అలెక్సియా పుతెయాస్‌ను మిడ్‌ఫీల్డ్‌లో పెట్టింది. ఎంబాపేకు ఎంత రేటింగో ఆమెకూ అంతే, 91.

పెద్దోడికి అది నచ్చలేదు. “ఆడోళ్లను మగోళ్ల టీంల పెడితే రియలిస్టిక్‌గ ఉండదే” అన్నాడు.

చిన్నది వాడి ఫార్వర్డ్ లైన్ వైపు వేలు చూపించింది. అక్కడ పీలే ఉన్నాడు. పీలే 2022 డిసెంబరులో కన్నుమూశాడు. పక్కన జిదానే. ఆయన రిటైరైంది 2006లో.

“మామా, నువ్వే చెప్పు” అంది నా వైపు తిరిగి. “సచ్చిపోయినాయన ఆడొచ్చు గానీ ఆడపిల్ల ఆడొద్దా?”

ఇంతకంటే బాగా ఈ సంగతి నేను చెప్పలేను. ఎఫ్‌సీ 24 వచ్చినప్పుడు ఈ గొడవ ఒక్క మా ఇంట్లోదే కాదు, ప్రపంచమంతా నడిచింది. అంతకుముందు 2015లో ఫిఫా 16లో 12 మహిళల జాతీయ జట్లు మొదటిసారి వచ్చినప్పుడూ నడిచింది. అవి మగ జట్లతో తలపడేవి కూడా కావు, వాటిలో అవే ఆడుకునేవి. మెనూలో కొన్ని బటన్లు పెరిగాయి, అంతే. దానికే వెక్కిరింతలు.

శరీర బలంలో తేడా లేదా అని కొందరు నిజాయితీగానే అడుగుతారు. వాళ్లకు జవాబు చెప్పాలి. ఉంది. సగటు వేగంలో, బలంలో తేడా ఉంది, అది దాచాల్సిన సంగతి కాదు. సీజన్ మొత్తం నిజంలా నడిచే కెరీర్ మోడ్‌లో ఆడ, మగ లీగులు విడిగా ఉండాలంటే అందులో న్యాయం ఉంది. అక్కడ అవి విడిగానే ఉన్నాయి కూడా. కానీ అల్టిమేట్ టీమ్ పుట్టిందే అసాధ్యమైన జట్లు కట్టడానికి. కాలం అడ్డురాదు, దేశం అడ్డురాదు, చావు కూడా అడ్డురాదు. అన్ని గోడలూ కూలగొట్టిన ఇంట్లో ఒక్క గోడ దగ్గరకు వచ్చేసరికి మాత్రం “నిజం, నిజం” అని అరిస్తే, కాపాడుతున్నది నిజాన్ని కాదు, గోడను.

ఇక రేటింగుల సంగతి. ఈ అంకెలు ఆకాశం నుంచి ఊడిపడవు. ప్రపంచమంతటా వేలమంది వాలంటీర్లు మ్యాచ్‌లు చూసి రాసి పంపితే, కంపెనీ ఎడిటర్లు సరిచేస్తారు. ‘ఫుట్‌బాల్ మేనేజర్’ అనే గేమ్‌లో నైపుణ్యాలకు 1 నుంచి 20 వరకు మార్కులు. అది కాక, పదిహేడేళ్ల కుర్రాడు జీవితంలో ఎంతవరకు ఎదగగలడో చెప్పే ‘పొటెన్షియల్’ అంకె ఒకటి, 200కు. దాని పాత రూపం ‘చాంపియన్‌షిప్ మేనేజర్ 01/02’లో చెర్నో సాంబా అనే కుర్రాడు గోల్స్ యంత్రం. నిజ జీవితంలో అతను ప్రీమియర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. అంకె రాసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. అంకె రాసింది మనుషులు, అంతే. అలాంటి డేటాబేస్‌ను 2008లో ఎవర్టన్ క్లబ్ ఆటగాళ్ల వెతుకులాట కోసం వాడుకోవడానికి ఒప్పందం చేసుకుంది. గేమ్ నిజాన్ని అనుకరించడం పాత మాట. గేమ్ అంకెలో నుంచి నిజం మనుషులను చూడటం మొదలై చాలా కాలమైంది.

చూసే కన్ను ఎలాంటిదో 2020లో రన్‌రిపీట్ అనే సంస్థ లెక్కగట్టింది. నాలుగు యూరప్ లీగుల్లో 80 మ్యాచ్‌ల ఇంగ్లిష్ కామెంటరీ విని, ఆటగాళ్ల మీద చేసిన 2,073 వ్యాఖ్యలు విడదీశారు. నల్లని ఆటగాళ్ల విషయంలో బలం గురించి మాట్లాడటం ఆరున్నర రెట్లు ఎక్కువ, వేగం గురించి మూడు రెట్లకు పైగా ఎక్కువ. తెలివిని మెచ్చుకున్న మాటల్లో 60 శాతానికి పైగా తెల్లని చర్మం వాళ్లకే. ఎవరి చర్మం ఏ ఛాయో తేల్చడానికి వాళ్లు వాడుకున్నది ఏమిటో తెలుసా? ఫుట్‌బాల్ మేనేజర్ 2020లో ప్రతి ఆటగాడి రంగుకూ ఇచ్చిన నంబరు.

టీవీలో ఇలా మాట్లాడతారు. గేమ్ టీవీని అనుకరిస్తుంది. అంకెలు రాసేవాళ్లు కూడా ఆ టీవీ చూసినవాళ్లే. ఒకడికి కాలు, ఇంకొకడికి బుర్ర అని పంచిపెట్టే చూపు ఎలాంటిదో ఈ పేజీ చదివేవాళ్లకు నేను విడమర్చనక్కర్లేదు. ‘మెరిట్’ అనే మాట విన్నప్పుడల్లా “కొలిచింది ఎవరు?” అని అడగడం మనకు ఎప్పటి నుంచో అలవాటే.

మన దగ్గరి ముచ్చట కూడా ఒకటి. ఫిఫా 22లో ఇండియన్ సూపర్ లీగ్ వచ్చింది. నేను వెంటనే హైదరాబాద్ ఎఫ్‌సీని తీసుకుని ఆడాను. మనవాళ్లలో చాలామందికి రేటింగులు యాభైలు, అరవైలు. కొందరి ముఖాలు వాళ్లవే కావు, సాఫ్ట్‌వేర్ అతికించిన ఎవరివో ముఖాలు. అదే సీజన్‌లో, 2022 మార్చిలో, గోవాలో పెనాల్టీల్లో కేరళను ఓడించి హైదరాబాద్ కప్పు గెలిచింది. ఈ ఊరి ఫుట్‌బాల్ ఈనాటిదా? రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన జట్టులో ఎక్కువమంది ఉత్త కాళ్లతోనే ఫ్రాన్స్‌తో ఆడి 2–1తో ఓడారు. ఫుట్‌బాల్ గేముల్లో వందల రకాల బూట్లు ఉంటాయి. నేను ఆడినవాటిలో బూటు లేని పాదం మాత్రం ఒక్కటీ కనపడలేదు. అది రియలిస్టిక్ కాదని ఫిర్యాదు చేసినవాణ్ని కూడా చూడలేదు.

గేములు ఆడొద్దని నేను చెప్పను. నేను ఆడతాను, ఇకముందూ ఆడతాను. బంతి బాగా దొర్లాలని గట్టిగానే అడగండి, డబ్బులు కట్టేది మనం. ఒకటి మాత్రం అలవాటు చేసుకోండి. మీ గదిలో ఎవరైనా “ఇది రియలిస్టిక్ కాదు” అన్నప్పుడు, మాట్లాడుతున్నది బంతి గురించా, మనుషుల గురించా అని అడగండి. బంతి గురించైతే కూర్చుని వాదించుకోండి, రాత్రి సరదాగా గడుస్తుంది. మనుషుల గురించైతే, ఆ మనిషి మైదానంలో ఉండకూడదని ఎప్పుడు, ఎవరు తేల్చారో చెప్పమనండి.