రాని సినిమాకి మూడువేల బొమ్మలు

క్రిందటేడు ఒక సినిమా కథా చర్చల్లో నాలుగు నెలలు కూర్చున్నాను. రాసి, కొట్టేసి, మళ్లీ రాసి రెండు లావుపాటి నోటు పుస్తకాలు నింపాను. ఓ సాయంత్రం, నాతోపాటు రాస్తున్న కుర్రాడు ఫోన్ చేశాడు. "ప్రాజెక్టు ఆగిపోయింది గురూ!" అంతే! పుస్తకాలు అటకెక్కాయి, నేను మంచమెక్కాను.

ఆ దిగులు రోజుల్లో నాకు తోడు దొరికినవాడు ఓ ఫ్రెంచి బొమ్మల కథల ఆర్టిస్టు... జాఁ జిరో. 1938లో పారిస్ పక్కనే పుట్టాడు. 1963లో రచయిత షార్లియేతో కలిసి 'బ్లూబెర్రీ' అనే కౌబాయ్ సీరియల్ మొదలుపెట్టాడు. అందులో హీరో మొహం మొదట్లో ఎవరిదనుకున్నారు? ఫ్రెంచి స్టార్ బెల్మాండోది! కౌబాయ్ బొమ్మల కింద 'జిర్' అని సంతకం. తన మనసుకి తోచిన వింత లోకాలు గీస్తే మాత్రం 'మోబియస్'. 1975లో 'అర్జాక్' అని ఒక్క డైలాగు లేకుండా బొమ్మలతోనే కథ నడిపించేశాడు. మాటలు రాసి పొట్ట పోసుకునే నాలాంటివాడికి అసూయ పుట్టదూ?

అసలు సంగతికొస్తాను. ఆ రోజుల్లోనే డైరెక్టర్ జొడొరోవ్‌స్కీ 'డ్యూన్' నవలని సినిమాగా తీస్తానంటూ ఈయన్ని పిలిచాడు. పాత్రలు, దుస్తులు, షాటు షాటుకీ స్టోరీబోర్డు... సుమారు 3,000 బొమ్మలు గీశాడు. కావలసిన పెట్టుబడి దొరకలేదు. సినిమా సెట్స్ మీదకి వెళ్లకుండానే ఆగిపోయింది!

కానీ ఆ పనిలో డాన్ ఓ బానన్ అనే రచయితతో స్నేహం కుదిరింది. అతను రాసిన 'ది లాంగ్ టుమారో' అనే చిన్న డిటెక్టివ్ కథకి జిరో బొమ్మలు వేశాడు. అందులోని నగరం పోలికలు 1982 నాటి 'బ్లేడ్ రన్నర్'లో కనిపిస్తాయి. 1979లో వచ్చిన 'ఏలియన్' స్క్రీన్‌ప్లే ఓ బానన్‌ది. అందులో వ్యోమగాముల దుస్తులు డిజైన్ చేసింది మన జిరో! ఆ తర్వాత 'ట్రాన్', 'ది ఫిఫ్త్ ఎలిమెంట్'. 2012లో కన్నుమూసేదాకా గీస్తూనే ఉన్నాడు.

మొన్న రాత్రి 'ఏలియన్' మళ్లీ చూశాను. టైటిల్స్ అయిపోయినా లేవబుద్ధి కాలేదు. 'డ్యూన్' పోయింది సరే... ఆ గదిలో కలిసి కూర్చున్న మనుషులు పోలేదు కదా!

పొద్దున్నే అటకెక్కి నోటు పుస్తకాలు దింపాను. దుమ్ము దులిపి, ఆ కుర్రాడికి ఫోన్ చేశాను.

"ఆదివారం ఖాళీయేనా గురూ?"